తాళంచెవి తిరిగి ఇచ్చి వచ్చాం

మా అపార్టుమెంటులో ఎవరింట్లో వైఫై ఆగినా మా బెల్లే మోగుతుంది. "మేడం, మీరు మిలిటరీలో సైబర్ కదా, ఒకసారి చూస్తారా?" అంటారు. వెళ్ళి చూస్తాను. చాలాసార్లు ప్లగ్గు ఊడి ఉంటుంది. పెట్టేసి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వస్తాను. దేశ రక్షణలో ప్రస్తుతానికి నా పాత్ర ఇంతే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంకాస్త పెద్దది. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేరి, సగం సర్వీసు తీగలతోనూ రేడియోలతోనూ, మిగతా సగం కంప్యూటర్లతోనూ కుస్తీ పట్టి, కల్నల్‌గా రిటైరయ్యాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనబడితే చాలు, ఒకటే ప్రశ్న: "ఎంతమంది హ్యాకర్లను పట్టుకున్నారు మేడం?" ఒక్కణ్ణి కూడా పట్టుకోలేదు అంటే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. ఏదో అబద్ధం చెప్పి ఉండాల్సింది అనిపిస్తుంది.

అయినా నా పని గురించి నాకు గర్వం ఉంది. కొంచెం ఎక్కువే ఉందని మా ఆయన అంటారు. ఆ గర్వం దేనికో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, పోస్టింగులు, పతకాలు ఇందులో ఉండవు. పతకాలు మా హాల్లో గోడకున్నాయి, వచ్చినవాళ్ళు చూడవచ్చు.

మా నాన్న మోటార్లు

కె.ఆర్.పురంలో పాత మద్రాసు రోడ్డు మీద మా నాన్నకు మోటారు పంపులు బాగుచేసే షాపు ఉండేది. తరతరాలుగా బెంగళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి. దేవనహళ్ళి వైపు ద్రాక్షతోటల రైతులు మోటారు ఆగిపోయిందని కబురు పెడితే, నాన్న స్కూటరు తీసేవాడు. సెలవు రోజైతే వెనక నేనుండేదాన్ని.

మోటారు విప్పి, వైండింగు చూసి, మళ్ళీ బిగించాక నాన్న చేతులు తుడుచుకుని పక్కకు జరిగేవాడు. "స్విచ్ నువ్వే వెయ్యప్పా" అనేవాడు రైతుతో. "మీరే వెయ్యండి, మీ చెయ్యి మంచిది" అని రైతు మొహమాటపడితే ఒప్పుకునేవాడు కాదు. "నేను పోయినంక దినామూ వేసేది నువ్వే కదా. నా ముందర ఒకతూరి వెయ్యి, చూస్తా" అనేవాడు. నీళ్ళు పడ్డాక కూడా వెంటనే బయలుదేరేవాడు కాదు. తోట దాటి రోడ్డు మీదికొచ్చి, స్కూటరు స్టార్టు చేయకుండా కాసేపు నిలబడేవాడు. అక్కడికి మోటారు చప్పుడు వినిపించాలి. అది ఒకే తీరుగా ఉందనుకున్నాకే కిక్కు కొట్టేవాడు. నాకు ఆకలేస్తూ ఉండేది, విసుక్కునేదాన్ని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నేను చేసిన పనంతా దాదాపు ఇదే. యూనిఫాం ఒక్కటే తేడా.

కలెక్టరు బల్ల దగ్గర

లెఫ్టినెంటుగా నా మొదటి సంవత్సరాల్లో మా యూనిట్ ఉన్న చోట నది పొంగింది. మా బ్రిగేడియర్ చౌహాన్ గారు నిప్పులాంటి మనిషి. ఆయన గొంతు వింటే మెస్‌లో గిన్నెలు కూడా చప్పుడు చేయవని జోకు. వాన ముదరగానే పడవలు లారీలకెక్కించి, జవాన్లకు లైఫ్ జాకెట్లు తొడిగి, అందరినీ కలెక్టరు ఆఫీసుకు ఎదురుగా రోడ్డు మీద వరుసగా నిలబెట్టారు. కానీ ఒక్క లారీని కూడా కదలనివ్వలేదు. పౌర అధికారి నుంచి రాతపూర్వకంగా పిలుపు రావాలి, అది నియమం.

నేను ఉండబట్టలేక అడిగాను: "సార్, మనుషులు మునిగిపోతుంటే కాగితం కోసం ఆగడమేంటి?"

ఆయన అరుస్తారనుకున్నాను, అరవలేదు. "పిలవకుండా మంచిపనికి వెళ్ళడం అలవాటైన సైన్యం ఇంకో రోజు పిలవకుండా ఇంకో పనికి కూడా వెళుతుంది. నీకు అంత తొందరగా ఉంటే ఇక్కడ నిలబడి నన్ను తినకు. వెళ్ళి కలెక్టరు బల్ల దగ్గర కూర్చో. పిలుపు ఆలస్యమైతే ఆ తప్పు నీది" అన్నారు.

వెళ్ళి కూర్చున్నాను. కలెక్టరు గారు నాకంటే ఎక్కువ వణికిపోతున్నారు. టైపిస్టు రాలేదంటే చేత్తో రాయించాను. సంతకం ఆరకముందే లారీలు కదిలాయి.

వరద తగ్గాక ఆ కలెక్టరే మా బ్రిగేడియర్ చేతులు పట్టుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఉండండి, మా మాట కంటే మీ మాట జనం బాగా వింటున్నారు అని. చౌహాన్ గారు సెల్యూట్ చేసి, సామాను ఎత్తించేశారు. జీపులో నాతో అన్నారు: "మన మాట బాగా వింటున్నారట. విన్నావా? అంటే మనం వెళ్ళిపోవలసిన టైమయింది." అప్పట్లో ఆయన చాదస్తం అనుకున్నాను. నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద పాఠం అదేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఢిల్లీ కుర్చీలు

కంప్యూటర్ల కాలం వచ్చాక నన్ను ఢిల్లీ సమావేశాలకు పంపడం మొదలుపెట్టారు. దేశంలో కరెంటు, నీళ్ళు, రైళ్ళు, బ్యాంకులు అన్నీ కంప్యూటర్ల మీద నడుస్తున్నాయి. ఎవడో దూరదేశంలో కూర్చుని వాటిని ఆపేస్తే కాపాడవలసింది ఎవరు? పౌర సంస్థలా, పోలీసులా, సైన్యమా? సమావేశం పెట్టింది ఈ ప్రశ్న మీద. జరిగింది మాత్రం ఎవరి కుర్చీ ఎక్కడ అనే దాని మీద. ఒకసారి పేర్ల పలకలు మార్చి మార్చి పెట్టడంతోనే టీ విరామం వచ్చేసింది.

మావాళ్ళలో ఒక వర్గం వాదన సూటిగా ఉండేది. సరిహద్దు దాటి వచ్చేవాడు శత్రువు, శత్రువును ఆపేది సైన్యం, కాబట్టి తాళాలన్నీ సైన్యానికిచ్చేయండి. వినడానికి బాగుంటుంది. చప్పట్లు కూడా పడతాయి. నేనూ మొదట్లో కొట్టాను. కానీ సరిహద్దు దగ్గర కంచె ఉంటుంది, ఇటు మనం, అటు వాళ్ళు. ఒక ఊరి నీళ్ళ పంపు దగ్గర కంచె ఎక్కడ వేస్తాం? అక్కడ పొద్దున పనికి వచ్చే ఆపరేటరును ఏ వైపు నిలబెడతాం? ఈ మాట నేను సమావేశంలో అంటే అందరూ మర్యాదగా తలలూపి, ముందుకు సాగిపోయారు. జవాబు నాకు బెంగళూరులోనే దొరికింది.

తెర మీద అంతా బాగుంది

ఊరి శివారు పేటలకు, కొన్ని ఫ్యాక్టరీలకు, ఒక పెద్ద ఆసుపత్రికి నీళ్ళు తోసే సంస్థ ఒకటి ఉందనుకోండి. పేరు రాయను, రాయకూడదు. ఆనేకల్ వెళ్ళే దారిలో దాని కంట్రోల్ రూము. ఒకరోజు అక్కడ తెరల మీద ట్యాంకులన్నీ నిండుగా కనిపిస్తున్నాయి, కుళాయిల్లో మాత్రం నీళ్ళు రావడం లేదు. మనిషిని ట్యాంకు ఎక్కించి చూస్తే అడుగంటి ఉంది. మోటార్లు వాటంతట అవే ఆగుతున్నాయి, వాటంతట అవే తిరుగుతున్నాయి. ఎవరో బయటివాళ్ళు కంప్యూటర్లలోకి దూరి, తెరలకు అబద్ధాలు నేర్పారు.

పౌర సైబర్ బృందాలు అప్పటికే వేరే చోట తలమునకలుగా ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం నుంచి సైన్యానికి రాతపూర్వకంగా పిలుపొచ్చింది. "దూరినవాళ్ళను కనిపెట్టి తొలగించడంలో సహాయం" అని అందులో ఉన్న మాట. ఆ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

బృందానికి నాయకురాలిని నేను. నా కింద కెప్టెన్ ప్రభుదాస్, గుంటూరు అబ్బాయి, బెంగళూరులోనే ఇంజనీరింగు చదివాడు. పని దొరికితే భోజనం మరిచిపోయే రకం. కంట్రోల్ రూము బాధ్యుడు రామాంజప్ప గారు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆనేకల్ నేతగాళ్ళ కుటుంబం. మేము వెళ్ళగానే మా బూట్ల వంక చూసి, "చెప్పులు బయట ఇడిచే రూము అప్పా ఇది" అన్నారు. మావాళ్ళు బూట్లు విప్పారు. విప్పడానికి చాలాసేపు పట్టింది, మిలిటరీ లేసులు కదా. ఆయన పక్కనే నిలబడి ఓపిగ్గా చూశారు.

ఆయన యాస వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "మీ ఊరు యాడన్నా?" అన్నాను. "ఓ, మనోళ్ళేనా! కర్నలమ్మా, ముందే చెప్పేది కాదా" అని టీ తెప్పించారు. బూట్ల విషయంలో మాత్రం సడలించలేదు.

ప్రభుదాస్ రెండో రోజుకే దారి పట్టుకున్నాడు. మెయింటెనెన్సు కంపెనీ వాళ్ళు ఇంటి నుంచి పనిచేసుకోవడానికి ఒక దారి తెరిచి, పని అయ్యాక మూయడం మరిచారు. దూరినవాళ్ళు దానిగుండానే వచ్చారు. ప్రభుదాస్ దాన్ని మూసి, వాళ్ళు వదిలివెళ్ళిన చెత్తంతా ఊడ్చాడు. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది పిల్లలకు నచ్చే కథ.

తాళాలు మార్చిన రోజు

శత్రువు చేతిలోంచి ఒక పోస్టును తీసుకుంటే మావాళ్ళు చేసే మొదటి పని తాళాలు మార్చడం. పాత సంకేతపదాలన్నీ రద్దవుతాయి. పాత సంకేతపదం తెలిసిన ప్రతివాడూ బయటివాడి కిందే లెక్క. గేటు ముందు సెంట్రీ నిలబడతాడు. ఇది మాకు శిక్షణలో నరనరానా ఎక్కిన పద్ధతి. నేను రాష్ట్ర అధికారులకు వివరాలు చెప్పడానికి సచివాలయానికి వెళ్ళిన పొద్దున, ప్రభుదాస్ అదే చేశాడు. ఆపరేటర్లందరి పాస్‌వర్డులు రద్దు చేసి, కొత్తవి తన దగ్గర పెట్టుకున్నాడు. తలుపు దగ్గర జవానును నిలబెట్టాడు. పాడైన కంప్యూటర్లను పరీక్షించడానికి బృందంతో సహా మా ల్యాబుకు వెళ్ళాడు. మా ల్యాబులోకి ఫోన్లు తీసుకుపోకూడదు; గేటు దగ్గర పెట్టెలో పెట్టి, తాళం వేసి లోపలికి వెళ్ళాలి. అదీ పద్ధతే. ప్రతి అడుగూ పద్ధతి ప్రకారమే వేశాడు పాపం.

ఆసుపత్రి వైపు ట్యాంకు మట్టం పడిపోతున్నట్టు ఆపరేటరు చూశాడు. ఈసారి తెర నిజమే చెబుతోంది. రెండో మోటారు వేయాలి. వేయబోతే పాస్‌వర్డు తప్పు అంది. ఇంకొకరు ప్రయత్నించారు, వాళ్ళదీ తప్పే. రామాంజప్ప గారు జవానును అడిగితే అతను అటెన్షన్‌లో నిలబడి, తనకు తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. ప్రభుదాస్‌కు ఫోను చేస్తే ఆ ఫోను మా ల్యాబు గేటు దగ్గర పెట్టెలో మోగి మోగి ఆగింది. నా ఫోను సచివాలయం మీటింగులో నోరు మూసుకుని ఉంది.

ఆసుపత్రిలో డయాలిసిస్ మంచాల మీద మనుషులున్నారు. నీళ్ళు లేకపోతే ఆ యంత్రాలు నడవవు. మధ్యలో ఆపి, కొందరిని అంబులెన్సుల్లో వేరే ఆసుపత్రికి తరలించారు. రామాంజప్ప గారు మనుషులను మోటారు గదికి పరిగెత్తించి, చేత్తో మీట వేయించి, దొరికిన ట్యాంకర్లన్నీ ఆసుపత్రికి పంపారు. అదృష్టం, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

నేను చేరేసరికి ఆయన కంట్రోల్ రూము బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లేవలేదు. అరుస్తారనుకున్నాను, అదీ లేదు. నెమ్మదిగా అన్నారు:

"కర్నలమ్మా, దొంగ నా కొడుకులు లోపల ఉండిన దినం కూడా మా బటన్లు అంతో ఇంతో పని చేసె. మీరు కాపాడేకి వచ్చినంక అదీ పోయె. ఇప్పుడు చెప్పు తల్లీ, ఎవరిని బయటికి తోసేది ఉండాది?"

లోపలికి వెళ్ళి, ప్రభుదాస్‌ను పిలిపించి, మొదట ఆపరేటర్లందరికీ కొత్త పాస్‌వర్డులు ఇప్పించాను. ప్రభుదాస్ ముఖం చూడలేకపోయాను. "మేడం, నేను బుక్ ప్రకారమే చేశాను, బట్ ఆ బుక్ ఈ రూమ్ కోసం రాసింది కాదు కదా మేడం" అన్నాడు. అన్నవాడే తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి, రామాంజప్ప గారి పక్కన కింద మెట్టు మీద కూర్చున్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులున్నాయి.

తప్పు ప్రభుదాసుది అంటే నేను ఒప్పుకోను. మా అందరి అలవాటుది. ఇల్లు కాపాడటానికి వచ్చి ఇంటివాళ్ళను బయటపెట్టిన అలవాటు.

మాస్టర్ తాళం ఎవరిది?

అసలు పరీక్ష మరుసటి రోజు ఫోనులో వచ్చింది. చేసింది ఢిల్లీలో మా పై అధికారి, మేజర్ జనరల్. పేరు రాయను కానీ ఒకటి రాస్తాను: ధైర్యవంతుడు, నిజాయితీపరుడు, నేను చాలా గౌరవించే మనిషి. ఆ రోజు ఆయన చెప్పింది మాత్రం తప్పు.

ఆపరేటర్లకు పాస్‌వర్డులు ఇవ్వండి, అందరి పాస్‌వర్డులనూ మార్చగల మాస్టర్ తాళం మాత్రం మన దగ్గరే ఉంచండి అన్నారు. వాళ్ళు ఒకసారి పోగొట్టుకున్నారు, మళ్ళీ పోగొట్టుకుంటారు. ముప్పు ఇంకా ఉంది. ఇది బాగా నడిస్తే ఊళ్ళో మిగతా సంస్థలకూ, తరువాత దేశమంతటికీ ఇదే పద్ధతి పెడదాం. ఆదేశం తయారవుతోంది.

"సార్, మనల్ని పిలిచింది దూరినవాళ్ళను తొలగించడానికి. తొలగించాం. తాళం పెట్టుకోవడానికి ఎవరూ పిలవలేదు" అన్నాను.

"ముప్పు తొలగేదాకా అనుకో."

"ముప్పు ఎప్పటికీ తొలగదు సార్. అంటే తాళం ఎప్పటికీ మనదే."

ఆర్మీలో పై అధికారి మాటకు అడ్డు చెప్పడం అంటే ఏమిటో చేరినవాళ్ళకు తెలుస్తుంది. నాకు భయమేసింది. దాచుకోను, బాగా భయమేసింది. అయినా చెప్పాను: "ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వండి సార్. పాటిస్తాను. నా అభ్యంతరం కూడా రాతపూర్వకంగా దాని పక్కనే పెడతాను. కానీ సంతకం పెట్టేముందు ఒక్కసారి వచ్చి ఆ రూము చూడండి."

వస్తానన్నారు. ఆ రోజు నుంచి ఆయన వచ్చేదాకా నేనూ ప్రభుదాసూ ఒక్కటే పని పెట్టుకున్నాం. ఆ తాళం మోయగల శక్తి వాళ్ళకుందని ఆయనకు కనిపించాలి. ఉత్త వాదనతో జనరళ్ళు మారరు. ప్రభుదాస్ ఆపరేటర్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. మాస్టర్ తాళం తిప్పాలంటే ఇద్దరు ఇంజనీర్లు కలవాలి, ఒక్కరి వల్ల కాకూడదు. బయటి కంపెనీకి దారి తెరిస్తే ఆ సాయంత్రానికి దానంతట అదే మూసుకోవాలి. ఇలాంటివన్నీ పెట్టించాడు. వాళ్ళు మొదట గొణిగారు. "సుమ్నే, ఉత్త తలనొప్పి" అన్నారు రామాంజప్ప గారు కూడా. మూడోసారి చేసేసరికి ప్రభుదాస్ తప్పులు ఆయన పట్టడం మొదలుపెట్టారు.

జనరల్ గారు వచ్చారు. బూట్లు విప్పారు, ఆ విషయంలో రామాంజప్ప గారికి ర్యాంకులు లేవు. అన్నీ చూసి, కుర్చీలో కూర్చుని, ఇంగ్లీషులో మెత్తగా మొదలుపెట్టారు. మీ పని మీరే చేసుకోండి, మాస్టర్ తాళం ఒక్కటి మా దగ్గర ఉంటే మీకే నిశ్చింత కదా అని.

రామాంజప్ప గారు నా వైపు తిరిగి, "నా మాట ఆయప్పకు అట్లే చెప్పమ్మా, స్వల్ప కూడా మార్చొద్దు" అని తెలుగులో అడిగారు: "సార్, నీళ్ళు రాకుంటే జనాలు బిందెలు ఎత్తుకుని నా గేటు కాడికి వస్తారు. తిడతారు. గలాటా చేస్తారు. నేను బయటికొచ్చి నిలబడాల. తాళం మీ కాడ ఉంటే, వాళ్ళు మీ గేటు కాడికి వచ్చి అడగొచ్చునా?"

ఒక్క మాట మార్చకుండా చెప్పాను. జనరల్ గారు ఆలోచించకుండానే జవాబిచ్చారు: "అదెలా కుదురుతుంది? మా గేటు దగ్గర తుపాకీతో సెంట్రీ ఉంటాడు."

అన్నాక ఆ మాట ఆయన చెవినే పడింది. అది నేను కళ్ళారా చూశాను. చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టి, చాలాసేపు తెరల మీద కదిలే అంకెలను చూశారు. తరువాత లేచి, రామాంజప్ప గారికి చెయ్యందించారు. నాతో, "కల్నల్, తాళం అప్పగించి, మీ బృందాన్ని తీసుకుని వెనక్కి వెళ్ళండి" అన్నారు. ఆదేశం ముసాయిదా ఢిల్లీలోనే ఆగిపోయింది. తన మాటను తనే విని ఆగగలిగిన అధికారి కింద పనిచేయడం ఎంత అదృష్టమో కొత్తవాళ్ళకు ఇప్పుడు తెలియదు, ఇంకో రకం వాళ్ళ కింద చేశాక తెలుస్తుంది.

స్విచ్ వేసింది ఎవరు?

అప్పగింత రోజు మాస్టర్ తాళాన్ని సంస్థ ఇంజనీర్లు ఇద్దరూ కలిసి మార్చారు. మార్చేటప్పుడు నేనూ ప్రభుదాసూ గోడ వైపు తిరిగి నిలబడ్డాం. చివరగా ఆసుపత్రి వైపు మోటారు వేసి చూడాలి. ప్రభుదాస్ అలవాటుగా కీబోర్డు మీదికి వంగబోతే భుజం పట్టి వెనక్కి లాగాను.

"స్విచ్ మీరే వెయ్యండి అన్నా" అన్నాను.

రామాంజప్ప గారు వేశారు. అంకెలు కదిలాయి, ట్యాంకు మట్టం పైకి లేవడం మొదలైంది. సైనికాధికారి పౌర ఇంజనీరుకు సెల్యూట్ చేయాలని ఏ నియమమూ లేదు. నేను చేశాను. నా వెనక ప్రభుదాస్, జవాన్లు కూడా చేశారు, అందరం సాక్సులతోనే. ఆయన తడబడి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నమస్కారం పెట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. సర్వీసులో అంత గర్వంగా ఎన్నడూ నిలబడలేదు.

వచ్చేముందు వాళ్ళ నిబంధనల్లో ఒకటి చేర్పించాను. సంస్థ రాతపూర్వకంగా పిలవకపోతే ఎవరినీ కంట్రోల్ రూములోకి రానివ్వకూడదు. సైనిక యూనిఫాంలో ఉన్నా, ఎంత పెద్ద ర్యాంకైనా, ఇంతకుముందు అక్కడ పనిచేసినవారైనా సరే. ఆ నిబంధనను తరువాత వేరే ఊళ్ళలో వేరే సంస్థలు కూడా పెట్టుకున్నాయి. ఎవరు రాశారో వాళ్ళకు తెలియదు. తెలియనవసరం లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు తెలివైనవాళ్ళు, మాకంటే వేగంగా పనిచేస్తారు. నాకు అందులో అనుమానం లేదు. అనుమానమల్లా ఒకదాని మీదే. ఒక ఊరి కరెంటూ నీళ్ళూ మీ వేలికొనల దగ్గరికి వచ్చిన రోజు, వేలు వెనక్కి తీసుకోగలరా? ఆ రోజు అందరూ మిమ్మల్ని ఉండమనే అంటారు. పౌర అధికారులే బతిమాలతారు, బాధ్యత దిగిపోతుంది కదా. టీవీలో మెచ్చుకుంటారు. మీకు కూడా మనమైతే బాగా చేస్తాం అనిపిస్తుంది. బహుశా నిజమే, కొన్నాళ్ళు బాగానే చేస్తారు కూడా.

కానీ నీళ్ళు రానప్పుడు జనం బిందెతో వచ్చి తిట్టగలిగిన గేటు ఒకటి ఉండాలి. సైన్యం గేటు అలాంటిది కాదు, కాకూడదు కూడా. మన నెట్‌వర్కులను మనం కాపాడుకోవాలి, బయటి శత్రువు మీద కన్నేసి ఉంచాలి, పిలిస్తే పరిగెత్తుకుని వెళ్ళాలి. పిలుపు ఆలస్యమైతే వెళ్ళి వాళ్ళ బల్ల దగ్గర కూర్చోవాలి. పని అయ్యాక బూట్లు తొడుక్కుని వచ్చేయాలి. దేశ సైబర్ భద్రతలో సైన్యం పాత్ర ఏమిటని పెద్ద పెద్ద సెమినార్లు జరుగుతుంటాయి. నాకు తెలిసింది ఇంతే, దీనికి సెమినారు అక్కరలేదు.

గేటు దగ్గర

ఈ మధ్య ఆనేకల్‌లో బంధువుల ఇంటికి వెళ్ళి వస్తూ, దారిలో ఆ కంట్రోల్ రూము కనిపించి కారు ఆపాను. రామాంజప్ప గారు రిటైరయ్యారు. ప్రభుదాస్ ఇప్పుడు ఎక్కడో దూరంగా, నాకంటే మంచి బృందానికి నాయకుడు. ఒకసారి లోపల చూసి పోదామనిపించింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి ఫోను చేస్తే, షిఫ్టు ఇంజనీరు బయటికొచ్చింది. చిన్నపిల్ల, చెప్పులు లేకుండా వచ్చింది, అది చూసే నాకు సగం సంతోషం. నేనెవరో చెప్పాను. సైన్యంలో కల్నల్‌గా చేశాను, ఒకప్పుడు ఇక్కడ పనిచేశాను అన్నాను.

"మీ పేరు మీద పిలుపు ఉందా మేడం?"

"లేదమ్మా. ఊరికే వచ్చాను."

"సారీ మేడం, రూలు ఉండాది. ముందర ఇక్కడ పనిచేసినోళ్ళయినా, మిలిటరీవాళ్ళయినా పిలుపు లేకుండా రానీకూడదు. బేజారు చేసుకోవద్దండి. ఇక్కడే కూర్చోండి, టీ తెప్పిస్తా."

"ఎవరు పెట్టారమ్మా ఈ రూలు?"

"గొత్తు లేదు మేడం, ఎవరు పెట్టినారో తెలీదు. నేను చేరినప్పటి నుంచీ ఉండాది. మంచి రూలే."

ఆ అమ్మాయి నిజంగానే టీ తెప్పించింది. గేటు బయట, కారుకు ఆనుకుని తాగాను. రామాంజప్ప గారికి ఫోను చేయకుండా ఉండలేకపోయాను.

"అన్నా, మీ కంట్రోల్ రూములోకి నన్ను రానివ్వలేదు."

అవతల నుంచి పెద్ద నవ్వు. "నిన్నే కాదమ్మా, పోయిన నెల నేను పోతే నన్నూ వెనక్కి పంపినారు! ఆ పిల్లేనా? ఆ పిల్లకు పని నేర్పిందే నేను. టీ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"నాకూ టీనే ఇచ్చె."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక గ్లాసు తిరిగిచ్చి కారెక్కాను కానీ, వెంటనే స్టార్టు చేయలేదు. కిటికీ అద్దం దించాను. గోడ అవతల నుంచి మోటార్ల చప్పుడు వినిపిస్తోంది. అది ఒకే తీరుగా ఉందనుకున్నాక తాళం తిప్పి ఇంటికి బయలుదేరాను.